అమ్మమ్మకి చదివి వినిపిస్తున్న శాపం కథ – ‘బీస్ట్’ని తెలుగులో ఏమనాలి?

వేపచెట్టునీడ | శనివారం, రాత్రి 10:15

అందరికీ నమస్కారం. ఇక్కడ చదవడమే తప్ప ఎప్పుడూ పెద్దగా రాయలేదు. ఇప్పుడు మీ సాయం కావాలి.

మా అమ్మమ్మకి 78 ఏళ్లు. శుక్లాల ఆపరేషన్ బాగానే జరిగింది కానీ కంటి వెనక పొర దెబ్బతింది, అక్షరాలు ఆనడం లేదు. వారపత్రికల్లోంచి సీరియల్ పేజీలు చింపి, దబ్బనంతో కుట్టి, అట్టలేసి దాచుకున్న మనిషి. నేను తెనాలి వచ్చినప్పుడల్లా రాత్రి భోజనాలయ్యాక ఓ గంట ఏదో ఒకటి చదివి వినిపిస్తాను. ఈసారి నా సంచిలో ఉన్నది ఒకే ఒక్క ఇంగ్లీషు పుస్తకం. బ్రిజిడ్ కెమ్మరర్ 2019లో రాసిన ‘ఎ కర్స్ సో డార్క్ అండ్ లోన్లీ’. అదేంటని అడిగింది. రాజకుమారుడు, శాపం, ఎత్తుకొచ్చిన పిల్ల అని చెప్పాను. “అయితే అదే చదువు” అంది. ఇంగ్లీషు చూస్తూ అప్పటికప్పుడు తెలుగులో చెప్పుకుంటూ పోతున్నాను. ఇవాళ్టికి ఆరో రాత్రి.

చదవనివాళ్ల కోసం నాలుగు ముక్కలు. ఇది ‘బ్యూటీ అండ్ ద బీస్ట్’ కథనే టీనేజీ పిల్లల కోసం మళ్లీ చెప్పిన నవల. ఎంబర్‌ఫాల్ అనే రాజ్యానికి రెన్ యువరాజు. ఒక మంత్రగత్తె శాపం వల్ల అతని పద్దెనిమిదో ఏటి శరదృతువు మళ్లీ మళ్లీ మొదలవుతుంది. ఋతువు ముగిసేలోపు ఏ అమ్మాయైనా అతన్ని మనసారా ప్రేమించాలి. లేకపోతే అతను భయంకరమైన జంతువుగా మారి కనబడినవాళ్లనల్లా చంపేస్తాడు, తర్వాత కాలం మళ్లీ మొదటికొస్తుంది. సొంత కుటుంబాన్నీ అలాగే పొట్టన పెట్టుకున్నాడు. గ్రే అనే అంగరక్షకుడు ప్రతిసారీ మన లోకానికొచ్చి ఒక అమ్మాయిని పట్టుకెళ్తాడు. ఈసారి వాషింగ్టన్ వీధిలో స్పృహలేని ఒక పిల్లని మోసుకెళ్తుంటే, దారిన పోతున్న హార్పర్ ఇనప కడ్డీ తీసుకుని అతని మీద పడుతుంది. ఆ పెనుగులాటలో ఆమే ఆ లోకంలోకి వచ్చి పడుతుంది. హార్పర్‌కి సెరిబ్రల్ పాల్సీ, అంటే మెదడులోని లోపం వల్ల కండరాలు సరిగా మాట వినవు. ఇంటి దగ్గర తల్లి క్యాన్సర్‌తో మంచంలో ఉంది, అన్న అప్పులవాళ్ల చేతిలో చిక్కుకున్నాడు.

ఇక నా ఇబ్బందులు. మొదటిది, ‘బీస్ట్’కి ఏ మాట వాడాలి? ‘మృగం’ అంటే అమ్మమ్మ మొహం చిట్లించింది. “పేపర్లో వెధవ పనులు చేసినవాణ్ణి అంటారు ఆ మాట, ఈ అబ్బాయి అలాంటివాడా?” అని అడిగింది.

రెండోది మాట గురించి కాదు. ఎత్తుకొచ్చిన అధ్యాయం అయ్యాక ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. నిద్రపోయిందనుకుని దీపం తీయబోతే, “ఆ పిల్ల తల్లి మంచాన పడుందన్నావే, ఇప్పుడావిడకి మంచినీళ్లు ఎవరిస్తారు?” అంది. శాపం, కోట, తనంతట తానే మోగే సంగీతం, ఇవేవీ పట్టలేదు ఆవిడకి. అప్పటినుంచి రోజూ చదవడం మొదలుపెట్టే ముందు అదే అడుగుతోంది. ఈ ప్రేమకథని నేను సరిగ్గా చదువుతున్నానా అని నాకే అనుమానం వచ్చింది. చదివినవాళ్లు ఏమంటారు?

---

కాగితప్పడవ | శనివారం, రాత్రి 10:52

నాకెంతో ఇష్టమైన పుస్తకం! అమ్మమ్మగారికి వినిపిస్తున్నారంటే కళ్లకు కట్టినట్టుంది. ఒక అధ్యాయం రెన్ గొంతుతో, ఇంకోటి హార్పర్ గొంతుతో నడుస్తుంది కదా, చదివి వినిపించడానికి భలే కుదురుతుంది. మొదటి అధ్యాయం రెన్‌ది కావడం నాకు చాలా నచ్చింది. అమ్మాయి కోటలోకి రాకముందే ఆ కోట ఎంత అలిసిపోయి ఉందో మనకి తెలిసిపోతుంది.

నాకు అన్నిటికంటే గుర్తుండిపోయింది వాతావరణం. కోట దగ్గర ఎప్పుడూ ఆకురాలే కాలమే. హార్పర్ మొదటిరోజే కిటికీలోంచి దిగి, గుర్రమెక్కి పారిపోతుంది చూడండి, అడవి దాటగానే మంచు. బయట కాలం నడిచిపోతోంది, ఇతనొక్కడే ఆగిపోయాడు. ఆ సంగతి ఎవరూ చెప్పరు, చలి తగిలి ఆమెకే తెలుస్తుంది.

మాట సంగతికొస్తే నేనైతే ‘వికృతరూపం’ అనేదాన్ని.

---

వేదిక నిర్వాహకులు | శనివారం, రాత్రి 11:05

మంచి చర్చ. ఒక్క మనవి. వేపచెట్టునీడ గారు ఇంకా సగంలోనే ఉన్నారు, ఇది మూడు పుస్తకాల వరస కూడా. ముగింపు, గ్రే పుట్టుక వగైరా ఇక్కడ రాయొద్దు. దీని వెనకున్న ‘బ్యూటీ అండ్ ద బీస్ట్’ పాత ఫ్రెంచి కథ గురించి ఎంతైనా మాట్లాడుకోవచ్చు.

---

పాతసంచిక | ఆదివారం, ఉదయం 7:20

అమ్మమ్మగారు అడిగినదాన్ని తేలిగ్గా తీసుకోకండి. ఆవిడ పట్టుకున్నది అసలు కథలోని కీలకాన్నే.

ఈ కథ మొదట అచ్చులోకొచ్చింది 1740లో, ఫ్రాన్సులో. రాసినావిడ గాబ్రియెల్-సుజాన్ ద విల్నవ్. అది పిల్లల కథ కాదు, పెద్ద నవలంత ఉంటుంది. పదహారేళ్ల తర్వాత, 1756లో, జాన్-మరీ లెప్రాన్స్ ద బోమోన్ దాన్ని బాగా కుదించి, తన విద్యార్థినుల కోసం వేసిన పుస్తకంలో చేర్చింది. ఆవిడ లండన్‌లో పెద్దింటి ఆడపిల్లలకు చదువు చెప్పే పంతులమ్మ. మనందరికీ తెలిసిన రూపం ఆవిడ చెప్పిందే. ఆస్తి పోయి చితికిపోయిన వర్తకుడు, గులాబీ తెమ్మన్న చిన్న కూతురు, కోపమొచ్చిన బీస్ట్, తండ్రి ప్రాణానికి బదులుగా వెళ్లిన పిల్ల.

అందులో రోజూ జరిగేది ఒకటుంది. రాత్రి తొమ్మిదింటికి ఆమె భోజనానికి కూర్చుంటుంది, బీస్ట్ వస్తాడు. వెళ్లేముందు అడుగుతాడు, నన్ను పెళ్లి చేసుకుంటావా అని. ఆమె వద్దంటుంది. అతను నిట్టూర్చి వెళ్లిపోతాడు. మర్నాడు మళ్లీ అదే. ఇలా మూడు నెలలు. వద్దన్నందుకు ఒక్కరోజూ తిండి తగ్గలేదు, తలుపు మూయలేదు, గొంతు పెరగలేదు. బోమోన్ పాఠం వింటూ కూర్చున్న ఆ ఆడపిల్లలు రేపో మాపో పెద్దలు కుదిర్చిన, మొహం కూడా సరిగా చూడని మగవాడి ఇంటికి వెళ్లబోయేవాళ్లు. వాళ్ల ముందు, రోజూ అడిగించుకుని రోజూ వద్దనగలిగిన ఒక అమ్మాయిని నిలబెట్టింది ఆవిడ. నా లెక్కలో కథకి ప్రాణం గులాబీలోనో శాపంలోనో లేదు, ఆ ప్రశ్నలో ఉంది.

తల్లి సంగతి కూడా అక్కడే ఉంది. బోమోన్ కథలో తల్లి బదులు తండ్రి. కూతురి మీద బెంగతో జబ్బుపడతాడు. ఆమె అద్దంలో చూసి, ఇంటికి పంపమని అడుగుతుంది. బీస్ట్ వారం రోజులకి పంపుతాడు. ఆమె గడువు దాటాక కూడా ఉండిపోతుంది, ఆ తర్వాతే తన మనసేమిటో ఆమెకి తెలుస్తుంది. ఆ గడప దాటకుండా, ఇంటికి వెళ్లిరాకుండా ఈ కథ తిరగదు. కాబట్టి మీ అమ్మమ్మగారు రోజూ అడుగుతున్నది కథకి అడ్డు కాదు, అదే కథ.

ఇక మాట. ఫ్రెంచిలో ‘బెత్’ అంటే జంతువు, తెలివిలేనివాడు అని కూడా అర్థం. బోమోన్ ఆ రెండర్థాలనీ వాడుకుంది. నేను కురూపినే కాదు, బుద్ధి కూడా లేనివాణ్ణి, ఉత్త జంతువుని అంటాడతను. తనకి బుద్ధి లేదని తెలుసుకున్నవాడు జంతువు కాడు, ఆ సంగతి మూర్ఖుడికి ఎప్పటికీ తెలియదు అంటుందామె. ఇంగ్లీషు ‘బీస్ట్’లో ఆ రెండో అర్థం దాదాపు పోయింది. తెలుగులో దానికి సరిపడే మాట వెతకాలి.

---

చెరువుగట్టు | ఆదివారం, ఉదయం 8:41

పాతసంచిక సార్ చెప్పినట్టు రెండర్థాలుండాల్నంటే ‘పశువు’ ఉన్నది గదా. మా దిక్కు ఏం తెల్వనోణ్ణి “వాడొట్టి పశువురా” అంటరు. నాలుగు కాళ్ల జీవాన్నీ పశువనే అంటం. మొరటోణ్ణీ అంటం. అండ్ల జాలి గూడ ఉంటది, మృగంల జాలి ఉండది.

ఇగ నాకు ఈ ముచ్చట సదువుతాంటె మా నాయనమ్మ జెప్పిన కథ యాదికొచ్చింది. పిల్లలు లేని బాపనామెకు పాము పుడ్తది. పారేయమని అందరంటరు, ఆమె పాలు పోసి సాదుకుంటది. ఈడొచ్చినంక నా కొడుక్కి పిల్లను తీసుకరమ్మని మొగనితోని కొట్లాడ్తది. ఆయన ఎక్కడో దూరం ఊరికి వొయ్యి, వరుడెవరో చెప్పకుండ పిల్లను తెస్తడు. వొచ్చినంక అందరు ఆ పిల్లకు చెప్తరు, పామునేం జేసుకుంటవ్ బిడ్డా, ఇంటికి పో అని. పిల్ల పోనంటది. ఓ రాత్రి పాము కుబుసమిడిచి మనిషైతడు. పొద్దుగాల్ల తండ్రి ఆ కుబుసాన్ని పొయ్యిల కాలుస్తడు. ఇగ మనిషిగనే ఉండిపోతడు.

చిన్నప్పుడు ఈ కథ విన్నప్పుడల్ల నేను అడిగేటోణ్ణి, ఆమె ఎందుకు వోలే అని. “మాటిచ్చిండ్రు గదరా” అనేది నాయనమ్మ.

---

పాతసంచిక | ఆదివారం, ఉదయం 9:30

చెరువుగట్టు గారూ, మీ నాయనమ్మగారు చెప్పినది పంచతంత్రంలోదే. పూర్ణభద్రుడు సంస్కృతంలో కూర్చిన ప్రతిలో, మొదటి తంత్రంలో ఉంది. మీరు చెప్పినట్టే, వెళ్లిపొమ్మని అందరూ చెప్పినప్పుడు ఆ పిల్ల ఒక శ్లోకం చెబుతుంది. రాజులు ఒక్కసారే మాట్లాడతారు, సజ్జనులు ఒక్కసారే మాట్లాడతారు, కన్యని ఒక్కసారే ఇస్తారు అని. భారతంలో సావిత్రి కూడా సత్యవంతుణ్ణి వదులుకోనని ఇలాంటి మాటే అంటుంది. అయితే సావిత్రి తనే వెతుక్కుని, తనే ఎంచుకున్నది. ఈ పిల్లని ఎవరూ అడగలేదు.

ఇంకొక్కటి. రాత్రి పాము మనిషై వస్తే, ఎవరో పరాయి మగవాడనుకుని ఆమె భయపడి తలుపు తీసి పారిపోబోతుంది. అతను మళ్లీ ఆ పాము శరీరంలోకి వెళ్లి, మళ్లీ బయటికొచ్చి చూపిస్తేగాని నమ్మదు. నాకు ఆ ఘట్టం చాలా ఇష్టం. అందగాడు రాగానే సంబరపడిపోలేదు. తను ఒప్పుకున్నది పామునే, ఈ కొత్త మనిషిని కాదు.

మన కథలో మాట ఒక్కసారే. బోమోన్ కథలో అది రోజూ అడగాల్సిన మాట. ఈ తేడా చిన్నది కాదు.

---

నెమ్మదినడక | ఆదివారం, మధ్యాహ్నం 12:10

నేనింత పెద్దగా ఎప్పుడూ రాయలేదు, తప్పులుంటే మన్నించండి. నాకు సెరిబ్రల్ పాల్సీ. కాళ్లు బిగుసుకుపోతాయి, నడిస్తే పక్కకి ఒరిగిపోతాను. డిగ్రీ రెండో ఏడు చదువుతున్నాను. ఈ పుస్తకం నేను మూడుసార్లు చదివాను.

హార్పర్ మొదటిసారి కనబడగానే పుస్తకం మూసేశాను. నాకు తెలిసిన కథల్లో ఇలాంటి పిల్ల వస్తే రెండే జరుగుతాయి. చివర్లో నయమైపోతుంది, లేదా చచ్చిపోయి అందర్నీ ఏడిపిస్తుంది. అందులోనూ ఇది మంత్రాల కథ. మంత్రగత్తె ఉంది, శాపం ఉంది, శాపం తీరాక అందరికీ అన్నీ సరైపోతాయి కదా, ఈమె కాలు కూడా అప్పుడే సరిచేస్తారనుకున్నాను. వారం తర్వాత ధైర్యం చేసి మళ్లీ తెరిచాను.

ముగింపు చెప్పను, నిర్వాహకులు వద్దన్నారు. ఒక్కటి మాత్రం చెప్పనివ్వండి. ఆ పిల్ల నడకని ఆ పుస్తకం శాపంగా చూడలేదు. శాపం రెన్‌ది. ఆమెది ఆమె శరీరం, అంతే. అలిసిపోతే అలిసిపోయానంటుంది. గ్రే కత్తి విసరడం నేర్పేటప్పుడు, నీకు రాదులే అనడు. ఎక్కడ బరువు ఆనుతుందో చూసి నేర్పుతాడు. నాకు ఫిజియోథెరపీ చేసిన అక్క ఒక్కతే నాతో అలా ఉండేది.

గుర్రం మీద పారిపోయే చోట నేను ఏడ్చాను. నేల మీద అందరికంటే వెనకబడే పిల్ల గుర్రమెక్కగానే అందర్నీ దాటిపోతుంది. నేను గుర్రమెప్పుడూ ఎక్కలేదు, మా ఊరి చెరువులో ఈత కొడతాను. నీళ్లలో దిగితే నాకూ అలాగే ఉంటుంది.

వేపచెట్టునీడ అక్కా, అమ్మమ్మగారికి చదివేటప్పుడు ‘కుంటిది’ అన్న మాట మాత్రం వాడకండి. ‘కాలు ఈడుస్తుంది’ అన్నా నాకు పరవాలేదు.

---

వేపచెట్టునీడ | ఆదివారం, మధ్యాహ్నం 1:35

నెమ్మదినడకా, నువ్వు రాసింది అమ్మమ్మకి చదివి వినిపించాను. మొదటి రాత్రి నేను వాడింది ఆ మాటే, చెప్పకపోతే అబద్ధమవుతుంది. మనసులో గుచ్చుకుంది. ఇక వాడను. “ఆ చెరువు లోతెంత? ఒంటరిగా దిగొద్దని చెప్పు” అని అమ్మమ్మ మాటగా రాయమంది.

---

ఎర్రసిరా | ఆదివారం, సాయంత్రం 4:02

అందరూ మెచ్చుకుంటున్నారు, నేను ఒప్పుకోలేకపోతున్నానని చెప్పాలి.

నేను హైస్కూల్లో పాఠాలు చెబుతాను. ఎనిమిది, తొమ్మిది తరగతుల ఆడపిల్లలు ఇలాంటి నవలలు ఫోన్లలో పెట్టుకుని చదువుతున్నారు. అన్నిటికీ ఒకటే ఎముకల గూడు. అతను బలవంతుడు, గాయపడ్డవాడు, కోపిష్టి. ఆమెని బంధిస్తాడు. ఆమె అతనిలో మంచితనం చూస్తుంది. ఆమె ప్రేమతో అతను మారిపోతాడు. మా తరం యద్దనపూడి నవలల్లో కారు దిగే ఆరడుగుల మనిషి కోసం ఎదురుచూస్తూ పెరిగింది. అక్కడ కనీసం ఎవరూ ఎవర్నీ ఎత్తుకుపోలేదు. ‘నేను ప్రేమిస్తే మారతాడు’ అన్న నమ్మకంతో పెళ్లి చేసుకుని, మారనివాడి దగ్గర ఇరవై ఏళ్లు గడిపిన మనిషి మా ఇంట్లోనే ఉంది. మా అక్క. అందుకే ఈ కథ ఎంత అందంగా చెప్పినా నాకు గొంతు దిగదు.

పాతసంచిక గారూ, రోజూ అడగడం గొప్పే, కాదనను. కానీ తలుపు బయట గడియ పెట్టి, లోపల వంద మర్యాదలు చేస్తూ అడిగే ప్రశ్న ప్రశ్నేనా? ఆమె వద్దంటే ఇంటికి పంపుతాడా? మొదటిరోజే పంపుతాడా? అదీ నేను అడిగేది.

---

కాగితప్పడవ | ఆదివారం, సాయంత్రం 4:50

మీ అక్కగారి సంగతి చదివాక ఏం రాయాలో తోచలేదు. మీరన్నది అబద్ధం కాదు. అయితే ఈ పుస్తకం ఆ ఎముకల గూటిని తనే అనుమానిస్తుంది అనిపిస్తుంది నాకు. రెన్ ఎన్నో ఋతువులుగా ఎందరో అమ్మాయిలతో ప్రేమని సాధన చేసినవాడు. ఎక్కడ నవ్వాలో, ఎప్పుడు చెయ్యందించాలో అన్నీ వచ్చు. హార్పర్ అది పసిగడుతుంది, ప్రతి మంచి మాటలోనూ లెక్క చూస్తుంది. వాళ్లిద్దరి మధ్య ఏదైనా మొదలైతే, అతను ఆమెని గెలవడం మానేసి, బయట ఆకలితో, శత్రుసైన్యం భయంతో ఉన్న తన జనాన్ని పట్టించుకోవడం మొదలుపెట్టాకే. ఆమె వాషింగ్టన్ డీసీ నుంచి వచ్చింది కదా, ‘డిసీ’ అనే దేశపు యువరాణిగా జనం ముందు నిలబడుతుంది. ఇద్దరూ కలిసి ఒక పని చేస్తారు. ప్రేమ ఆ పని పక్కన మొలుస్తుంది.

---

పాతసంచిక | ఆదివారం, సాయంత్రం 6:15

ఎర్రసిరా గారూ, మీ ప్రశ్న న్యాయమైనదే. బోమోన్ దగ్గర దానికి పూర్తి సమాధానం లేదు. రోజూ వద్దనొచ్చు, కానీ వెళ్లిపోవచ్చని అతను మొదట అనలేదు. ఆమె అడిగాకే పంపాడు. తండ్రి ప్రాణం పూచీ పెట్టుకుని అడిగిన ప్రశ్న అది. ఆ ముడి ఆ కథలో విప్పలేదు, తర్వాత ఎవరు తిరగరాసినా ఆ ముడి దగ్గరే తేలిపోతారు.

ఒక్క విషయం మాత్రం చేరుస్తాను. ‘కోపిష్టి మగవాడు ప్రేమతో మారతాడు’ అన్నది పాత కథలో లేదు. బోమోన్ బీస్ట్ మొదటి నుంచీ మంచివాడే, వర్తకుడి మీద గులాబీ కోసం అరవడం తప్ప. విల్నవ్ 1740లో అతనికి శాపం ఎందుకొచ్చిందో చెప్పింది. రాజు లేడు, తల్లి రాణి యుద్ధంలో ఉంది, పిల్లవాణ్ణి ఒక ముసలి దేవకన్య చేతుల్లో పెట్టి వెళ్లింది. పెంచి పెద్దచేసినావిడే అతన్ని పెళ్లి చేసుకోమంది. వద్దన్నాడు. అందుకు శాపం. అంటే అతను కూడా వద్దన్నందుకే శిక్ష పడినవాడు! ఆ తర్వాత అతనే రోజూ ఒక అమ్మాయిని అడుగుతాడు, ఆమె వద్దంటే ఊరుకుంటాడు. (విల్నవ్ దగ్గర ఆ ప్రశ్న ఇంకా సూటిగా ఉంటుంది, పక్క పంచుకుంటావా అని. పంతులమ్మ బోమోన్ దాన్ని పెళ్లిగా మార్చింది.) గర్వం వల్ల, మోటుతనం వల్ల శాపం తగిలిందని, ప్రేమ అతన్ని బాగుచేసిందని మనకి అలవాటు చేసింది 1991 నాటి డిస్నీ సినిమా.

కెమ్మరర్ నవలలో మంత్రగత్తె లిలిత్ కూడా రెన్‌ని కోరుకుంది, అతను ఒక్క రాత్రి తర్వాత ఆమెని కాదన్నాడు. ఋతువు ఋతువుకీ వచ్చి అతన్నీ గ్రేనీ హింసిస్తుంది. కెమ్మరర్ విల్నవ్‌ని చదివిందో లేదో గానీ, డిస్నీని దాటి ఆ పాత గాయం దాకా వెళ్లింది. అందుకే నాకు ఈ పుస్తకం మీద గౌరవం.

---

ఎర్రసిరా | ఆదివారం, రాత్రి 7:40

విల్నవ్ సంగతి నాకు తెలియదు. వద్దన్నందుకు శిక్ష పడ్డవాడు, వద్దనడాన్ని గౌరవించడం... ఇది నేను క్లాసులో చెప్పగలను. నవల మీద నా అభిప్రాయం ఇంకా అక్కడే ఉంది. చదివి మాట్లాడతాను, చదవకుండా ఇంత గట్టిగా అనడం సరికాదు.

---

మంచువాకిలి | ఆదివారం, రాత్రి 9:18

డాలస్ నుంచి. మా పాపకి పన్నెండు, లైబ్రరీ నుంచి ఇది తెచ్చుకుంది. చదవనివ్వొచ్చా? ఇదే కథ పునాది మీద సారా జె. మాస్ రాసిన ఇంకో సిరీస్ 2015లో యంగ్ అడల్ట్ (టీనేజీ పిల్లల పుస్తకం) పేరుతోనే వచ్చింది, తర్వాత పెద్దల పుస్తకాల్లోకి మార్చారు. అప్పటినుంచి అట్ట మీది ముద్రని నమ్మడం మానేశాను.

---

నెమ్మదినడక | ఆదివారం, రాత్రి 9:55

దీంట్లో ముద్దులకి మించి ఏమీ లేదండి. కానీ లిలిత్ హింసించే చోట్లు దారుణంగా ఉంటాయి, రక్తం ఎక్కువ. చావు గురించిన ఆలోచనలు కూడా ఉన్నాయి. పద్నాలుగు దాటాక మేలని నాకనిపిస్తుంది. ఆగలేకపోతే మీరూ పక్కన కూర్చుని చదవండి. నా మొదటిసారి అమ్మ పక్కనే ఉంది, చదవలేదు గానీ పక్కనుంది.

వేపచెట్టునీడ అక్కా, అమ్మమ్మగారికి చెప్పండి, చెరువులో నాతో మా తమ్ముడు దిగుతాడు.

---

వేపచెట్టునీడ | సోమవారం, రాత్రి 11:20

మొన్న, నిన్న రాసినవన్నీ అమ్మమ్మకి చదివాను. మీ అందరి పేర్లూ గుర్తుపెట్టుకుంది. చెరువుగట్టు గారి కథ తనకీ తెలుసట, తను విన్నదాంట్లో కుబుసం కాల్చేది తండ్రి కాదు, ఆ పిల్లే. “అది కాలిస్తేనే కదా వాడు మళ్లీ పాము కాకుండా ఉండేది, ఆ పని దాని చేత్తోనే జరగాలి” అంది. ఏది అసలుదో నాకు తెలియదు, నాకు మాత్రం అమ్మమ్మదే నచ్చింది.

తర్వాత ఎర్రసిరా గారి ప్రశ్న చదివాను, మొదటిరోజే పంపుతాడా అని. అమ్మమ్మ తన పెళ్లి గురించి నాకెప్పుడూ చెప్పలేదు. ఇవాళ చెప్పింది. పద్నాలుగో ఏట పెళ్లి, పదహారో ఏట కాపురానికి పంపారు. మూడో నెలలో వాళ్లమ్మకి టైఫాయిడ్ అని కబురొచ్చింది. అత్తగారు కోతల రోజులు కదా, అవ్వనీ అన్నారు. తాతయ్య ఏమీ మాట్లాడకుండా చీకటితోనే లేచి బండి కట్టాడట. అంతకుముందు మూడు నెలల్లో ఆయనతో పది మాటలు కూడా మాట్లాడలేదట ఈవిడ. “ఆ బండిలో కూర్చున్నాక మొహం చూశాను మీ తాతయ్యది, సరిగ్గా” అంది. అంతకంటే ఏమీ చెప్పలేదు, నేను అడగలేదు.

రోజూ ఆ పిల్ల తల్లి సంగతి ఎందుకడుగుతోందో నాకప్పుడు అర్థమైంది. రెన్ మంచివాడా కాదా అని ఆవిడ చూడటం లేదు. బండి ఎప్పుడు కడతాడా అని చూస్తోంది.

ఇక మాట సంగతి. ‘వికృతరూపం’ అంటే నాటకంలో మాటలా ఉందట. ‘పశువు’ చాలాసేపు ఆలోచించి, బాగుంది గానీ ఇంట్లో గేదెల్ని పెంచినదాన్ని, నాకు భయం పుట్టదు అంది. పైగా ఈ పుస్తకంలో అతను ఒక్కోసారి ఒక్కో రూపంలోకి మారతాడు కదా, ఏ ఒక్క మాటా అన్నిటికీ అతకదు. చివరికి “పేరుందిగా. మారినా మారకపోయినా రెన్ అనే చదువు. అది వాడు చేసిందేనని గుర్తుండాలిగా” అంది. ఈ రాత్రి అలాగే చదివాను. చంపిన చోట కూడా ‘రెన్’ అనే చదివాను. నాకు గొంతు వణికింది, ఆవిడ కదల్లేదు.

ఒక్క ప్రశ్నకి మాత్రం, ముగింపు చెప్పకుండా, అవును కాదు అని జవాబివ్వండి. పంపుతాడా?

---

కాగితప్పడవ | సోమవారం, రాత్రి 11:26

అవును.

---

వేపచెట్టునీడ | సోమవారం, రాత్రి 11:31

చెప్పాను. దీపం మళ్లీ వెయ్యమంటోంది. ఇంకో అధ్యాయం చదవాలట.